ఏడో నంబరు వాల్వు

ఆ ఊళ్లో నీళ్లు వదిలేది ఒక ఆడపిల్ల. తెల్లవారి ఐదున్నరకల్లా నడుమెత్తు ఇనుప తాళం భుజాన వేసుకుని బయల్దేరుతుంది. వీధి మొగలో ఛాంబరు మూత లేపి, తాళాన్ని లోపలి వాల్వు తల మీద కూర్చోబెట్టి, పైనున్న అడ్డకడ్డీ రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంది. సంత వీధికి తొమ్మిది చుట్లు. బడి వీధికి ఏడు. పల్లపు వీధికి ఆరే, ఎందుకంటే అక్కడికి నీళ్లు పిలవకుండానే పరిగెడతాయి. ఒక చుట్టు తక్కువైతే చివరింటికి బిందె నిండదు. ఒక చుట్టు ఎక్కువైతే వాకిలి మడుగైందని మొదటింటావిడ గడప దిగి తిడుతుంది.

"నీళ్లమ్మాయ్, ఇవాళ ట్యాంకులో నీళ్లున్నాయా, నీ మాటల్లాగే అడుగంటాయా?" అని వీధుల్లో ఆటపట్టిస్తారు. ఆ పిల్ల నోట్లోంచి మాట రావాలంటే మోటారు పెట్టి తోడాలని ఊళ్లో వాడుక. ఆమె నవ్వి ఊరుకుంటుంది. చుట్లు లెక్కపెట్టుకునేవాళ్లకి మాట్లాడితే లెక్క తప్పుతుంది. అది తండ్రి నేర్పిన మొదటి పాఠం.

తండ్రి ముప్పై ఏళ్లు అదే తాళం మోశాడు. ఆయన పని మానేసి మూడేళ్లయింది. మానేశాడనేది ఇంట్లో మాట. ఊరి మాట వేరు.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం పల్లపు వీధిలో ఇంటికొకరు చొప్పున వాంతులతో పడిపోయారు. శనివారానికి ఆసుపత్రి వరండాలో నడిచే చోటు లేదు. పల్లపు వీధి మొగలో ఉండే దర్జీ తల్లి ఇక లేవలేదు. ఏమైందా అని తవ్వి చూస్తే ఏడో నంబరు వాల్వు తెరిచి ఉంది. పార్కు గేటు పక్కన ఉండే ఆ వాల్వుకి ఒకవైపు కాలవ నుంచి మొక్కలకి వచ్చే మురికినీళ్ల గొట్టం, రెండోవైపు పల్లపు వీధి మంచినీళ్ల గొట్టం. పూర్వం ఎవరో రెంటినీ కలిపి, మధ్యలో ఆ వాల్వు పెట్టారు. అది ఎప్పుడూ మూసే ఉండాలి. ఆ రోజు పదకొండు చుట్లు తెరిచి ఉందని విచారణ కాగితంలో రాశారు. కింద 'ఉద్యోగి నిర్లక్ష్యం' అని రాశారు. తండ్రి దాని కింద సంతకం పెట్టాడు.

"వయసు మీద పడింది. మరిచిపోయి ఉంటాను," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ముప్పై ఏళ్లు మరిచిపోని మనిషి ఆ ఒక్క రోజే ఎలా మరిచిపోయాడని ఆమె అడగలేదు. అడగలేదు కానీ, ఆ ప్రశ్న కంట్లో నలుసులా మూడేళ్లూ అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఊరు తండ్రి మీదికి రాళ్లు పట్టుకొచ్చింది. అడ్డం నిలబడింది మున్సిపల్ ఛైర్మన్ గారు. "తప్పు చెయ్యనివాడెవడో ముందుకి రండి," అన్నాడు. దర్జీ తల్లి పాడె మోసిన నలుగురిలో తనూ ఒక భుజం పట్టాడు. నెల తిరక్కుండా ఆ ముసలాయన కూతుర్నే తాత్కాలికం కింద పనిలో పెట్టుకున్నాడు. అంత పెద్ద మనసు మనిషని ఊరు ఊరంతా అనుకుంది. ఇప్పుడాయన రాజధానిలో శాసనసభకి పోటీ చేస్తున్నాడు. గెలిస్తే నీటి శాఖ ఆయనకేనని టీ కొట్టు దగ్గర అప్పుడే పంపకాలు కూడా అయిపోయాయి.

ఆ సోమవారం ఛైర్మన్ గారి బావమరిది ట్యాంకు దగ్గరికి వచ్చాడు. బావ ఎక్కడుంటే వెనకాల అక్కడే ఉంటాడు కాబట్టి ఊరు అతనికి 'నీడ' అని పేరు పెట్టింది.

"నామినేషన్ కాగితం మీద బావగారి పేరు ప్రతిపాదిస్తూ పదిమంది సంతకాలు పెట్టాలమ్మాయ్. తొమ్మిదిమంది పెద్దవాళ్లున్నారు. పదో సంతకం నీది," అన్నాడు.

"నాదెందుకండీ?"

"తండ్రి తప్పు క్షమించినాయనకి కూతురు సంతకం. పేపర్లో ఎలా ఉంటుంది చెప్పు! బుధవారం పదకొండింటికి. నీ పర్మనెంటు ఆర్డరు కూడా టైపు అయిపోయింది. తారీఖు వెయ్యడమే తరువాయి." అతను ఆగి, "రెంటికీ సంబంధం లేదనుకో," అని కలిపాడు.

సంబంధం లేదని చెప్పడానికే మనిషి ఆగాడంటే ఉన్నట్టే అనుకుంది ఆమె. పైకి తలూపింది. ఇంటికి ఆధారం ఆ ఉద్యోగమే. తండ్రి మోకాలు మందులకి లొంగే దశ దాటిపోయింది.

మంగళవారం పొద్దున ఆమె దర్జీ కొట్టు ముందు ఛాంబరు మూత లేపి కూర్చుని ఉండగా ప్రచారం వ్యాను వచ్చి ఆగింది. దాని వెనకాల పెద్ద తెర. తెర మీద ఛైర్మన్ గారు ఏడో నంబరు వాల్వు దగ్గర వంగి, తాళం పట్టుకుని ఉన్నాడు. ఆ ఫొటో ఆమె ఆఫీసు గోడ మీద రోజూ చూసేదే. మంచి పట్టణాలకి బహుమతి ఇచ్చే బృందం వచ్చిన రోజు తీసింది. కానీ ఇప్పుడా ఫొటో కదులుతోంది. అది వీడియో అని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"నీడ పాత ఫోన్లో దొరికిందట!" అన్నాడు దర్జీ, మెడలో టేపు సర్దుకుంటూ. "చూడు, ఛైర్మనై ఉండి కూడా తాళం తిప్పుతున్నాడు. మీ నాన్నని నేను క్షమించలేకపోయాను. ఆయన క్షమించాడు. అందుకే ఆయన పెద్ద సభకి వెళ్తున్నాడు, నేను కాజాలు కుట్టుకుంటున్నాను."

తెర మీద ఛైర్మన్ గారు తాళం తిప్పుతున్నాడు. కుడికి. ఒకటి, రెండు, మూడు. పక్కనున్న బృందంతో నవ్వుతూ అంటున్నాడు: "చూశారా, ఎంత వదులుగా వదిలేస్తారో! ఇలాంటివి మనమే బిగించుకోవాలి." ఏడు, ఎనిమిది. ఆమె పెదాలు కదులుతున్నాయి. పది, పదకొండు. తాళం ఆగింది. తెర మీద చప్పట్లు.

ఊళ్లో ముప్పై నాలుగు వాల్వులు. అన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి, ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. ఏడో నంబరు ఒక్కటే అడ్డగాడిద. దాని మర ఎడమ మర. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. పైకి చూస్తే ఏ తేడా ఉండదు, చేత్తో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

బృందం వచ్చింది పల్లపు వీధి పడిపోయిన శుక్రవారానికి ముందు రోజు, గురువారం. ఆ రోజు తండ్రి ఆమెకి పరీక్ష ఉంటే తోడుగా పక్క ఊరు వచ్చాడు. తాళం ట్యాంకు గదిలోనే ఉంది. శుక్రవారం తెల్లవారి ఎప్పట్లా నీళ్లు వదిలాడు. ఎప్పుడూ మూసి ఉండే వాల్వుని మళ్లీ చూడాలని ఎవరికి తోస్తుంది?

"ఏంటలా కొయ్యబారిపోయావు? నీళ్లు వదలవా?" అన్నాడు దర్జీ.

ఆమె ఆరు చుట్లు తిప్పింది. అయిదే తిప్పానేమోనని అనుమానం వచ్చి మళ్లీ మొదటికి వచ్చింది. ఆ పనిలో చేరాక ఆమెకి లెక్క తప్పడం అదే మొదటిసారి.

ఆ రోజంతా ఆమె మనసు రెండు వైపులా తిరిగింది. తెలియనివాడు ఎవడైనా అలాగే తిప్పుతాడు, అందులో పాపం లేదు. బిగించాననే అనుకుని ఉంటాడు. పాపం ఆయన ఈ క్షణానికీ అలాగే అనుకుంటూ ఉండొచ్చు. తెలిస్తే ఆ వీడియో ఊరేగిస్తారా? కానీ వీడియో ఊరేగిస్తున్నది నీడ. నీడకి మర సంగతి తెలియకపోవచ్చు. ఇంకోటి గుర్తొచ్చింది. పల్లపు వీధిలో ఎవరింటికి వెళ్లినా ఆయన నీళ్ల గ్లాసు పెదాలకి ఆనించి దించేస్తాడు. గ్లాసులో మట్టం మారదు. అది పెద్దవాళ్లందరూ చేసేదేనని సర్దిచెప్పుకుంది. మళ్లీ ఇంకోటి. మూడేళ్లలో ఆయన కారు పార్కు గేటు పక్క రోడ్డున పోగా చూసిందా? ఎంత వెతికినా గుర్తు రాలేదు. అనుమానం మొదలైతే చేతికి దొరికినవన్నీ సాక్ష్యాల్లాగే కనిపిస్తాయి.

సాయంత్రం తండ్రి మోకాలికి నూనె రాసుకుంటూ ఉంటే దగ్గర కూర్చుంది.

"నాన్నా, ఏడో నంబరు ఎడమ మర అని ఇంకెవరికి తెలుసు?"

"మా మేస్త్రికి తెలుసు. ఆయన పోయాడు. నాకు తెలుసు. నీకు చెప్పాను."

"ఛైర్మన్ గారికి?"

నూనె రాస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "ఆయనకెందుకు తెలుస్తుందమ్మా? ఆయనేమన్నా వాల్వులు తిప్పుతాడా?"

"వ్యాను మీద వీడియోలో తిప్పుతున్నాడుగా."

"నేను చూళ్లేదు," అన్నాడు తండ్రి. వ్యాను ఆ రోజు వాళ్ల గుమ్మం ముందు రెండుసార్లు ఆగింది.

బుధవారం ఎనిమిదింటికి కొత్త వీడియో తియ్యాలని నీడ కబురు పెట్టాడు. ఆనాడు తండ్రి, ఈనాడు కూతురు, మధ్యలో ఛైర్మన్ గారు. ఎక్కడ తియ్యాలో కూడా అతనే తేల్చాడు. ఏడో నంబరు దగ్గర. పక్కనే పచ్చగడ్డి, కెమెరాకి బాగుంటుంది.

ఆమె ఆ పొద్దున పెందలాడే అన్ని వీధులకీ నీళ్లు ముగించింది. కాలవ గొట్టం మొదట్లో ఉన్న వాల్వు కట్టేసింది. ఏడో నంబరుకి రెండువైపులా గొట్టాలు ఖాళీ అయ్యాయని నేల మీద చెవి ఆనించి విని మరీ నిర్ధారించుకుంది. ఇక ఎవరు ఎటు తిప్పినా ఎవరి కడుపూ పాడవదు. అప్పుడు ఏడో నంబరుని కుడికి నాలుగు చుట్లు తిప్పి, తెరిచి వదిలింది.

తెలియనివాడైతే బిగించమంటే మళ్లీ కుడికే తిప్పుతాడు. అదే జరగాలని ఆమె కోరుకుంది. నిజంగానే కోరుకుంది. అప్పుడు సంతకం పెట్టి, ఆర్డరు తీసుకుని, ఇంటికెళ్లి హాయిగా అన్నం తినొచ్చు.

ఛైర్మన్ గారు కారు దిగుతూనే మొహం చిట్లించాడు. "ఇక్కడెందుకురా? ట్యాంకు మెట్ల మీద తీద్దామన్నాగా?"

"పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే అదిరిపోతుంది బావా! అప్పుడూ ఇప్పుడూ అదే చెయ్యి!" నీడ అప్పటికే ఫోను పట్టుకుని గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఊరికే పట్టుకుని నిలబడతాలే."

"నిలబడితే ఏముంది బావా, దిష్టిబొమ్మలా? తిప్పాలి!"

ఛైర్మన్ గారు ఆమె వైపు చూశాడు. ఆమె తాళం వైపు చూసింది.

"కొంచెం వదులుగా ఉంది సార్. బిగిస్తే మంచిది," అంది.

ఆయన చొక్కా చేతులు మడిచి తాళం అందుకున్నాడు. కడ్డీ పట్టుకున్నాడు. తిప్పాడు.

ఎడమకి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. టక్కున ఆగింది. ఎక్కడా తడబాటు లేదు. అలవాటైన ఇంటి గడియ పెట్టుకున్నట్టు పెట్టాడు.

"అయ్యో బావా, తిరగేసి తిప్పారు!" నీడ ఫోను దించాడు. "బిగించడమంటే కుడికి కదా! పాతదాన్లో కుడికే తిప్పారు. రెండూ పక్కన పెడితే నవ్వుతారు. మళ్లీ తీద్దాం."

"నీ మొహం. ఇది ఎడమ మర రా, దీన్నిలాగే..."

మాట అక్కడ ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకుండానే ఆయన చెయ్యి తన భుజం మీదికి పోయింది, అక్కడ లేని దుమ్ము దులిపింది.

"అవును సార్, ఎడమ మరే," అంది ఆమె. "మీకెవరు చెప్పారు?"

"మీ నాన్నే. ఎప్పుడో, మాటల్లో."

"ఎప్పుడు సార్? ఆ గురువారానికి ముందా, తరవాతా?"

ముందంటే తెలిసి తెరిచినట్టు. తరవాతంటే తెలిసి దాచినట్టు. ఆయన ఆ రెంటినీ మనసులో తూచుకోవడం ఆమెకి కనిపించింది. మూడో జవాబు కోసం వెతుకుతున్నాడు. దొరకలేదు. రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, వేలూ వేలూ విడివిడిగా.

"పదకొండింటికి ఆఫీసు దగ్గరుండు తల్లీ. సంతకాల దగ్గర ఆలస్యం కాకూడదు," అన్నాడు మెత్తగా. ఆ తరవాత బావమరిదితో, "అది తీసెయ్. ఫోన్లోంచి తీసెయ్," అన్నాడు. ఆ మాటలో మెత్తదనం లేదు.

"బాగానే వచ్చింది కదా బావా..."

"తీసెయ్యమన్నానా!"

కారు వెళ్లిపోయింది. వీడియో పోయింది. ఆ నాలుగు చుట్లు చూసినవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఒకరికి అర్థం కాలేదు, ఇంకొకరు చెప్పరు.

తండ్రి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆమె తాళం గోడకి ఆనించింది.

"ఎడమకి తిప్పాడు నాన్నా," అంది.

తండ్రి తల ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అరవలేడు, దాచలేడు. మోకాలు నిమురుకుంటూ చెప్పాడు.

"శనివారం వాల్వు చూడగానే తెలిసిపోయింది. పేపర్లో ఆయన దాని మీద తాళం పట్టుకున్న ఫొటో చూశాను. సాయంత్రం ఆయనింటికెళ్లి అది ఎడమ మర అని చెప్పాను. నిజం చెప్పొద్దూ, ఆయన వణికిపోయాడు. ఊరికి బహుమతి పోతుందన్నాడు, తన బతుకు పోతుందన్నాడు. నువ్వెలాగూ ఆరు నెలల్లో దిగిపోతావు, నీ పిల్లని నేను చూసుకుంటానన్నాడు."

"నువ్వు సరేనన్నావు."

"అప్పటికి ఎవరూ పోలేదమ్మా. దర్జీ వాళ్లమ్మ పోయింది తెల్లారి. అప్పటికే మాటిచ్చేశాను." కళ్లు తుడుచుకున్నాడు. "మన ఇంటికి అన్నం పెడుతున్నాడు. సంతకం పెట్టెయ్ తల్లీ. ఇవాళ్టితో నీ ఉద్యోగం ఖాయమైపోతుంది. నన్ను మూడేళ్లు అన్నారు, ఇంకో మూడేళ్లు అంటారు. అలవాటైపోయింది."

ఆమె తండ్రి మొహం చూసింది. మూడేళ్లుగా ఆమె తిప్పిన ప్రతి చుట్టూ ఈ మనిషి నోరు మూసుకున్నందుకు వచ్చిందే. ఆ కోపం ఆయన మీదో తన మీదో తేలలేదు.

"చెయ్యి జారితే జారింది నాన్నా, ఎవరికైనా జారుతుంది," అంది చివరికి. "జారిన చెయ్యి ఆయనది, కడుక్కోమని నీళ్లు నీ మీద పోశారు. రేపు ఆయన చేతికి రాష్ట్రం నీళ్లన్నీ వస్తాయి. అప్పుడు ఎక్కడో ఏదో అవుతుంది. అప్పుడు నీలాంటివాడు ఇంకొకడు కావాలి కదా ఆయనకి?"

ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం తండ్రి ఎన్నడూ వినలేదు.

మంచం కింద ఎర్ర రంగు డబ్బా ఉంది. ఛాంబరు మూతల మీద నంబర్లు దిద్దడానికి ఆఫీసువాళ్లు ఇచ్చింది. ఆమె డబ్బా, బ్రష్షు తీసుకుంది.

పదకొండు కొట్టేసరికి ఆమె ఏడో నంబరు మూత ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఎడమ వైపుకి వంపు తిరిగిన బాణం ఒకటి వేసింది. పక్కన 'మూయుటకు' అని రాసింది. కుడివైపుకి ఇంకో బాణం. దాని పక్కన 'తెరచుటకు'. బడిలో దిద్దినట్టు గుండ్రంగా, నెమ్మదిగా రాసింది. ఫోను మోగింది. నీడ. ఆగింది. మళ్లీ మోగింది. ఆమె బ్రష్షు డబ్బాలో ముంచింది.

బట్టలు ఇచ్చి వస్తున్న దర్జీ సైకిలు దిగాడు. "ఇక్కడ కూర్చున్నావేంటి? నామినేషన్ దగ్గర నీ కోసం చూస్తున్నారట. పదో సంతకం లేదని నీడ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు!" మూత మీద కళ్లు పడ్డాయి. "ఇదేంటి, తప్పు రాశావు? కుడికి తిప్పితే కదా మూసుకునేది?"

"అన్నిటికీ అంతే అన్నా. ఇదొక్కటే తిరగేసి. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది."

"ఓహో," అని సైకిలెక్కబోయాడు దర్జీ. ఒక కాలు పెడలు మీద పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. రెండు రోజులుగా కొట్టు ముందు ఆ వ్యాను ఆగినప్పుడల్లా చూస్తూనే ఉన్నాడు. కుడి చెయ్యి హ్యాండిలు మీంచి లేచింది. గాలిలో లేని కడ్డీని పట్టుకుంది. మెల్లగా తిరిగింది, తెర మీద తిరిగినట్టే. కుడికి. ఒకసారి, ఇంకొకసారి.

సైకిలు పక్కకి వాలిపోయింది. అతను పట్టుకోలేదు.

"ఆ రోజు... గురువారం కదా," అన్నాడు.

ఆమె తలూపింది.

"ఆయనకి తెలుసా?"

"శనివారం సాయంత్రం తెలిసింది అన్నా. ఇవాళ పొద్దున ఆయన దీన్ని ఎడమకి తిప్పడం నేను చూశాను."

దర్జీ ఆ ఎర్ర బాణం వైపు చూస్తూ నిలబడ్డాడు. తల్లి పాడెకి భుజం పట్టిన నాలుగో మనిషి గుర్తొచ్చి ఉంటాడు. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగాడు. అది అడుగుతాడని ఆమెకి బ్రష్షు పట్టుకున్నప్పుడే తెలుసు.

"మీ నాన్నకి తెలుసా?"

తెలియదని ఒక్క మాట అంటే చాలు. ఊరు రేపటికి తండ్రిని నెత్తిన పెట్టుకుంటుంది. ఆమె బ్రష్షుని డబ్బా అంచు మీద పెట్టింది.

"తెలుసు అన్నా," అంది.

దర్జీ సైకిలు లేపాడు. "పద. మీ ఇంటికి పద. ముందు ఆయన్ని అడగాలి. ఆ తరవాత ఆఫీసు దగ్గరికి."

ఫోను మూడోసారి మోగుతోంది. ఆమె రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూసింది. ఇంకా ఆరలేదు. ఎవరూ తొక్కకుండా మూత చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి, తాళం భుజాన వేసుకుని అతని వెనకే నడిచింది. సంత వీధి వైపు నుంచి వ్యాను మైకు వినిపిస్తోంది: "ఎంత వదులుగా వదిలేస్తారో! ఇలాంటివి మనమే బిగించుకోవాలి."